తూర్పుకు వంగే గీత

ఆషాఢ శుద్ధ పాడ్యమి. గాలి లేదు. నీళ్ళ మీద తెల్లటి ఆవిరి.

పలక మీద ఉప్పు తుడవడంతో పని మొదలు. సముద్రం మధ్య కూర్చుని గీతలు గీసేవాళ్ళకు ముందు గుడ్డ కావాలి, కలం తరువాత. ఈ రాత నా తరువాత ఈ పీట మీద కూర్చోబోయేవాళ్ళ కోసం. వాళ్ళెవరో గాని నాకంటే ఓపిక ఉన్నవాళ్ళు కావాలని కోరుకుంటున్నాను.

పౌర్ణమికి నేత. ఏడాది పాటు నానిన నాచుదారం మెత్తబడింది. వంటగదిలో అడుగేస్తే నేల రొట్టెలా లోపలికి పోయి నెమ్మదిగా పైకి లేస్తోంది. పౌర్ణమి పోటు రాగానే నేత యంత్రం నీళ్ళ మీద తేలే మా నాచుపేట మొత్తాన్ని విప్పి, నా పలక మీది బొమ్మను చూసుకుంటూ ఇళ్ళూ దారులూ మళ్ళీ కొత్తగా అల్లుతుంది. గీసింది గీసినట్టు అల్లుతుంది. దానికి బుర్ర లేదు, ఆ లోటు నేను తీర్చాలి. అందుకే ఊరు నన్ను గీతలప్ప అంటుంది. పైడమ్మ అనే అసలు పేరుతో పిలిచేది దాలమ్మ వదిన ఒక్కతే.

ఈ ఏడు కొత్తగా గీయాల్సింది దాలమ్మ వదిన కూతురు ముత్యాలు ఇంటికి దారి. ఆ మొగుడూ పెళ్ళాలకు దక్షిణం చివర నాచుతోట ఇచ్చారు. ఇల్లు కూడా అక్కడే, ఊరికి దూరంగా తేలుతోంది. ముత్యాలు నిండు నెలల మనిషి. మంచం దిగకూడదని, పడవలో అసలే కదపకూడదని కాన్పులు చూసే నర్సమ్మ కట్టడి చేసింది. ప్రస్తుతానికి నర్సమ్మే పడవ మీద వెళ్ళి చూసి వస్తోంది. పౌర్ణమి దాటి గాలి మళ్ళిందంటే ఆ మధ్య నీళ్ళు సుడి తిరుగుతాయి, పడవ పోదు. అప్పుడు నర్సమ్మ నడిచి వెళ్ళాలి. నడవాలంటే దారి ఉండాలి.

ఇంత తేలికైన గీత నా జన్మలో గీయలేదు. ఊరి చివరి అరుగు నుంచి ముత్యాలు గుమ్మానికి ఒక్క గీత. గీశాను, కలం ఎత్తాను. ఎత్తగానే గీత ఉలిక్కిపడి, నడుము దగ్గర తూర్పుకు వంగి, ఏమీ లేని నీళ్ళ మీద ఆగింది.

మళ్ళీ గీశాను. మళ్ళీ అక్కడికే పోయింది. కలానికి ఉప్పు పట్టిందేమోనని కడిగి ఆరబెట్టాను.

తదియ. చిరుజల్లు.

కలంలో దోషం లేదు. స్నాప్‌లో ఉంది.

కొత్తవాళ్ళకు ఒక మాట. కలం మొన ఏ మూలకో, ఏ గోడకో దగ్గరగా వస్తే పలక దాన్ని లాక్కుపోయి సరిగ్గా అక్కడే అతికిస్తుంది. దాన్నే స్నాప్ అంటాం. గడప దాకా వచ్చినవాళ్ళను చెయ్యి పట్టి లోపలికి లాగే చుట్టాల్లాంటిది. మంచిదే, అది లేకపోతే ఏ గోడా ఏ గోడనూ తాకదు. కాకపోతే ఎవరు లాగుతున్నారో మనకు కనబడాలి. ఇక్కడ కనబడటం లేదు.

మొదట వెనకాల ఉండే గళ్ళను అనుమానించాను. గళ్ళకు అతుక్కోవద్దని చెప్పాను. గీత వంగింది. కొలత కోసం పెట్టుకునే గైడ్ గీతలన్నీ తీసేశాను. వంగింది. వేరే పలక మీద శుభ్రంగా గీసి, తెచ్చి ఇక్కడ పెట్టాను. పెట్టినంతసేపు నిలబడింది, చెయ్యి తీయగానే వంగింది. కుక్కతోక దీనికంటే నయం.

యంత్రం నడిపే అప్పలస్వామి దారపు ఉండలు లెక్క చూసుకోవడానికి వచ్చి, నా వెనక నిలబడి కాసేపు చూశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పలకను తిట్టడం మానమని సలహా ఇచ్చి వెళ్ళాడు. వయసులో నాకంటే చిన్నవాడు, తమ్ముడి వరస, నోరు మాత్రం నా పెద్దన్నది.

పంచమి. ఎండ. నీళ్ళు తేటగా ఉన్నాయి.

బొమ్మను బాగా దగ్గరకు తెచ్చుకుని గీస్తే స్నాప్ లాగుడు తగ్గుతుంది. పలక దగ్గరా దూరమూ అనేది మన కంటికి కనిపించే దాన్నిబట్టి లెక్కేస్తుంది, అసలు నీళ్ళ దూరాన్నిబట్టి కాదు. ఇది తెలిస్తే సగం తలనొప్పులు పోతాయి. ముత్యాలు గుమ్మం పలకంతా నిండేలా పెద్దది చేసి గీశాను. ఆ చివర నిలిచింది. సంబరపడి మధ్యకు వచ్చేసరికి నడుము దగ్గర పాత జబ్బే.

దారి మందం పొరపాటేమో అనుకున్నాను. గీత నడిమిని చూడాలా, అంచును చూడాలా అన్నది తప్పుగా పెట్టుకుంటే ప్రతిదీ అర మందం పక్కకు జరుగుతుంది. స్వయంగా కొలుద్దామని పడవ ఎక్కాను. నీళ్ళ కింద, మునిగిపోయిన పాత ఊరి వీధిదీపాల స్తంభాలు వరసగా కనిపించాయి. చేపలు వాటి మధ్యన, బజారుకు వెళ్ళేవాళ్ళలా, తొందర లేకుండా పోతున్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. తెడ్డు వేయడం మానేసినట్టు ముత్యాలు పిలిస్తే తెలిసింది.

గుమ్మం కొలత సరిగ్గానే ఉంది. ముత్యాలు ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది. కాళ్ళు వాచాయి. మొగుడు తోటలో ఉన్నాడు. కాసేపు కబుర్లాడాక దారి ఎప్పటికి వస్తుందని అడిగింది. పౌర్ణమికల్లా వస్తుందన్నాను.

"నర్సమ్మ వస్తాదని తెలుసత్తా. నాకు అమ్మ కావాల. అమ్మ పడవెక్కదు కదా" అంది.

ఎక్కదు. ముత్యాలు పాకే వయసులో, పెద్ద తుఫానుకు ముందురోజు, దాలమ్మ వదిన పెనిమిటి అసిరయ్య వేటకు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఆనాటి నుంచి ఆవిడ పడవలో కాలు పెట్టలేదు. కూతురు కాపురం పెట్టిన ఇల్లు ఆవిడ ఇంకా చూడనే లేదు. పిల్ల నెప్పులు పడుతుంటే ఊరి చివర అరుగు మీద నిలబడి ఇటు చూస్తూ ఉండిపోతుందన్నమాట.

మీ అమ్మ నడిచి వస్తుందని మాటిచ్చేశాను. గీత నిలవకుండానే మాటివ్వడం నాకు అలవాటు లేని పని.

సప్తమి. దక్షిణపు గాలి.

విసుగొచ్చి స్నాప్ మొత్తం కట్టేశాను. లాగేవాళ్ళు లేకపోతే వంగేదెలాగో చూద్దామని. గీత చక్కగా, తిన్నగా, పెళ్ళిచూపుల్లో పిల్లలా కూర్చుంది. రెండు చివర్లూ అరుగునూ గుమ్మాన్నీ తాకాయి. నాకు తాకినట్టే కనిపించాయి.

పోటు పెద్దదయ్యే దాకా ఆగలేక అప్పలస్వామి చేత అరుగు వైపు చివర చిన్న ముక్క అల్లించాను. అల్లిక పూర్తయ్యాక, ఊళ్ళో పెద్దమనిషి తానే అన్నట్టు, అప్పలస్వామే మొదటి అడుగు వేశాడు. దారి చివర అరుగు నుంచి విడిపోయింది, మనిషి నడుము లోతుకు దిగిపోయాడు. లాగి పైకి తెచ్చేసరికి మీసాల నిండా నాచు. నవ్వు ఆపుకోవడానికి గుడ్డ నోట్లో కుక్కుకున్నాను.

తరువాత బొమ్మను పెద్దది చేసి చూశాను. ఇంకా పెద్దది చేశాను. పలక ఇక పెంచలేనంత పెద్దది చేస్తే, గీతకూ అరుగుకూ నడుమ వెంట్రుకంత సందు. కంటికి కలిసినట్టుండటం వేరు, కలవడం వేరు. యంత్రం ఆ సందును కూడా ఉన్నది ఉన్నట్టు అల్లింది.

కాబట్టి స్నాప్ ఉండాల్సిందే. అది ఉంటే గీత వంగుతుంది. లేకపోతే తెగుతుంది. పౌర్ణమి దగ్గరపడుతోంది. ఈ రోజు నాకు నిజంగా భయం వేసింది.

నవమి. మబ్బు.

మధ్యాహ్నం కునుకు తీస్తే కలలో గీతలన్నీ జడల్లా అల్లుకుని తూర్పుకు తేలిపోతున్నాయి. లేచాక కూడా ఆ ఊగుడు పోలేదు. మూల నుంచి చెంబు తానుగా దొర్లుకుంటూ వచ్చి తూర్పు గోడకు తగిలి ఆగింది. మా ఊళ్ళో చెంబులు ఎప్పుడూ తూర్పుకే దొర్లుతాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి ఎవరం పట్టించుకోం.

ఈసారి పట్టించుకున్నాను. పలక దగ్గర కూర్చుని ఊరి దారులన్నిటి మీదా తిన్నని బద్ద పెట్టి చూశాను. అన్నీ తూర్పుకు రవ్వంత వాలి ఉన్నాయి. ఏటేటా కొంచెం. ముత్యాలు దారి కొత్తది, పొడుగైనది కాబట్టి దాని వంకర కంటికి కనబడింది, అంతే.

తూర్పున ఏముంది? ఖాళీ నీళ్ళు. పలక మీదా అక్కడ ఖాళీయే. అప్పుడు పొరల పట్టిక తెరిచాను. బొమ్మలో ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క పొర. పొరకు పక్కన కన్ను గుర్తు ఉంటుంది. కన్ను తెరిస్తే ఇల్లు కనిపిస్తుంది, యంత్రం అల్లుతుంది. మూస్తే కనిపించదు, అల్లదు. కిందికి జరుపుకుంటూ పోతే వరసగా మూసిన కళ్ళు. తుఫానుకు ఖాళీ అయిన తూర్పు వరస మొత్తం.

మా ఊళ్ళో సముద్రం మీదికి పోయి రానివాళ్ళ ఇంటిని చెరపరు. శవం దొరకలేదు కాబట్టి చెరపడానికి నోరు రాదు. కన్ను మూస్తారు. చెరిపే రోజు వస్తే ఆ ఇంటివాళ్ళ చెయ్యే చెరపాలి, గీసేవాళ్ళు కాదు. ఇది నాకు ముందు ఈ పీట మీద కూర్చున్నవాళ్ళు, వాళ్ళకు ముందువాళ్ళు పాటించిన మర్యాద. ఆ మర్యాదలో ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. కన్ను మూసింది మనకే గాని స్నాప్‌కు కాదు. దాచిన గోడ కూడా దానికి గోడే. ఊరు ఊరంతా ఇన్నేళ్ళుగా రానివాళ్ళ గడపల వైపు జరుగుతూనే ఉంది.

ముత్యాలు దారిని లాగుతున్న పొర మీద వేలు పెట్టాను. పేరు అసిరయ్య.

పుట్టబోయే మనవడినో మనవరాలినో చూడటానికి ఆ మనిషి దారి లాగుతున్నాడేమో అనిపించింది. అలాంటివి నేను నమ్మను. అనిపించింది, అంతే.

దశమి. అదే మబ్బు.

అప్పలస్వామికి చూపించాను. ఒక్క పొర చెరిపేస్తే పని అయిపోతుంది కదా, ఎవరికీ చెప్పకుండా చెరిపెయ్యమన్నాడు. దాలమ్మ వదినను అడగాలన్నాను.

"కందకి లేని దురద కత్తిపీటకేలప్పా? ఆ ఇల్లుందని దాలమ్మప్పకి గుర్తుందో లేదో. సెరిపీ, నేను సూడనేదు" అని నిజంగానే మొహం అటు తిప్పుకున్నాడు.

మంచివాడే. అతని భయం కూడా ముత్యాలు గురించే. నా వేలు పొర మీదే ఉంది. ఒక్క నొక్కు చాలు. కానీ ఆ ఇల్లు నాది కాదు. నొక్కలేకపోయాను. వేలు తీసి చీరకు తుడుచుకున్నాను.

ఏకాదశి. ఉదయం వాన, తరువాత ఎండ.

దాలమ్మ వదిన ఊరి నడిమిలో చిన్న గదిలో ఉంటుంది. వెళ్ళేసరికి పసిబిడ్డకు పాత చీరలు చింపి పొత్తిళ్ళు కుడుతోంది. సంగతి సూటిగా చెప్పాను. దారి ఎందుకు వంగుతోందో, ఏ ఇల్లు లాగుతోందో, చెరపాలంటే ఎవరి చెయ్యి కావాలో. చెబుతున్నంతసేపూ సూది ఆగలేదు. చెప్పడం అయ్యాక ఆగింది.

"సెరిపితే అతను సచ్చిపోయినాడని నేను సెప్పినట్టు కదా పైడమ్మా" అంది.

ముత్యాలు అడిగిన మాట చెప్పాను. నాకు అమ్మ కావాలన్న మాట. అది విని ఆవిడ పొత్తిళ్ళు మడిచి పక్కన పెట్టి, ఇక వెళ్ళమన్నట్టు లేచి నిలబడింది. బయటికి వచ్చాక కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, ఇన్నేళ్ళ మా మర్యాద మీద. ఏదీ తేల్చకుండా కళ్ళు మూయడం మాకు బాగా వచ్చు.

త్రయోదశి. గాలి దిక్కు మార్చుకోవడానికి చూస్తోంది.

పొద్దున్నే దాలమ్మ వదిన వచ్చింది. ముందు ఇల్లు చూపించమంది. పొర కన్ను తెరిచాను.

పలక మీద ఖాళీ నీళ్ళలోంచి ఇల్లు పైకి తేలింది. ఒక్క గది, చుట్టూ అరుగు. ఒక్కటే తలుపు, అదీ సముద్రం వైపు. వేటకు వెళ్ళే మగవాడున్న ఇంటికి తలుపు అటే పెడతారు, తెరచాప కనబడగానే అన్నం వార్చడానికి. వదిన పలక మీదికి వంగి చూసింది. ఇంత చిన్నదా అంది. ఎంతో పెద్ద ఇంట్లో కాపురం చేసినట్టు తనకు గుర్తుందట. పొయ్యి ఎక్కడుండేదో, ముత్యాలును పడుకోబెట్టిన చోటు ఏదో వేలితో చూపించింది. నేను కలం ఆవిడ చేతికి ఇచ్చాను. చెరపడం ఎలాగో చెప్పాను. ఆవిడ తీసుకోలేదు.

"ఆ గీత అటే ఎల్తానంటాది కదా. ఎల్లనీ" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఇల్లు అల్లించీ. దారి ఆ ఇంటి మీంచే పోనీ. దారం సాలకపోతే నా గది దారం తీసి దానికెట్టు. నేను ఆడుంటాను."

ఇన్ని రోజులు లాగుతున్నదాని నుంచి గీతను పీకడానికి తంటాలు పడ్డానే గాని, లాగిన చోటికి పోనిచ్చి అక్కడి నుంచి ముందుకు గీయవచ్చని నా బుర్రకు తట్టలేదు. ఊరి చివరి అరుగు నుంచి గీత గీశాను. అసిరయ్య ఇంటి మూలకు రాగానే అది తానే పోయి టక్కున అతుక్కుంది. ఇంటి అరుగు చుట్టూ తిప్పి, అటు మూల నుంచి ముత్యాలు గుమ్మానికి ఇంకో గీత. కలం ఎత్తాను. ఏదీ కదల్లేదు. ఎంత పెద్దది చేసి చూసినా సందు లేదు.

వదిన గదిని బొమ్మలోంచి తీయాల్సి వచ్చినప్పుడు మాత్రం వెనకాడాను. ఆవిడే నా మణికట్టు పట్టుకుని నొక్కించింది.

పౌర్ణమి. పోటు పూర్తిగా వచ్చింది.

మధ్యాహ్నం నేత. జనమంతా పడవల్లో చేరారు. ముత్యాలు ఇల్లు కొత్తగా అల్లింది కాబట్టి దాన్ని విప్పలేదు, ఆ పిల్ల మంచం మీదే ఉండిపోయింది. దాలమ్మ వదిన ఒక్కతే యంత్రపు మెట్టు మీద కూర్చుంది. ఊరు విచ్చుకుంది. ఇళ్ళు వదులై, పలచనై, ఆకుపచ్చ పొగలా నీళ్ళలో కలిసిపోయాయి. తరువాత కొత్త దారం లేచింది. నేల, దాని మీద గోడ, దాని మీద కప్పు, ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు మెల్లగా.

అన్నిటికంటే చివర, దక్షిణం దారి మధ్యలో, ఖాళీ నీళ్ళ మీద ఒక ఇల్లు నిలబడింది. పెద్దవాళ్ళు దాన్ని గుర్తుపట్టారు. కొందరు మొహాలు కప్పుకున్నారు.

వదిన కుండా చాపా పట్టుకుని దారి మీద నడిచింది. నడుస్తూ ఒక్కసారి కూడా నీళ్ళ వైపు చూడలేదు. ఆ ఇంటికి వెళ్ళి, చుట్టూ తిరిగి, సముద్రం వైపు ఉన్న తలుపులోంచి లోపలికి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక కొంగు దోపుకుని కూతురింటికి నడిచింది.

బహుళ పంచమి. తూర్పు గాలి, పెద్ద వాన.

నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. పడవలన్నీ కట్టేశారు. తెల్లవారుతుండగా ముత్యాలుకు నెప్పులు మొదలయ్యాయి. నర్సమ్మ వానలో దారి పట్టుకుని వెళ్ళింది, నేనూ వెనకే వెళ్ళాను. ఈ కొత్త గీత మీద నేను నడవడం అదే మొదలు. ప్రతి అతుకు దగ్గరా కాలితో నొక్కి చూసుకున్నాను.

వెళ్ళేసరికి దాలమ్మ వదిన కూతురి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ముత్యాలు అరిచింది, తిట్టింది, అమ్మ చెయ్యి కొరికింది. రక్తం చాలా పోయింది. తాను రాకపోయి ఉంటే దక్కేది కాదని తరువాత నర్సమ్మే చెప్పింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ ఉన్నారు. నేను దారి మీదికి వచ్చి వానలో నిలబడి హాయిగా ఏడ్చాను.

బహుళ ద్వాదశి. తెరపి.

అమావాస్య పోటుకు చిన్న మరమ్మతులు అల్లిస్తాం. అవి చెప్పుకోవడానికి జనం వస్తూ పోతూ ఉన్నారు. దాలమ్మ వదిన కూడా వచ్చింది. రాగానే ఇంటి మీద ఫిర్యాదులు మొదలుపెట్టింది. పొయ్యి దగ్గర జల్లు కొడుతోందట. అరుగు ఇరుకట. పిల్ల ఏడిస్తే లోపలికి వినబడటం లేదట. తలుపు అటుంది కదా, చుట్టూ తిరిగి వెళ్ళేసరికి ముత్యాలు ఒక్కతే అవస్థ పడుతోందట.

తలుపు మార్చాలంది. ముత్యాలు ఇంటి వైపుకు.

కలం ఇచ్చాను. ఈసారి తీసుకుంది. ఆ చేతికి కలం కొత్త, పొత్తిళ్ళు కుట్టే సూదిలా పట్టుకుంది. తలుపును పట్టి, సముద్రం వైపు గోడ నుంచి ఊడదీసి, మూల దాటించి, దారి వైపు గోడ దగ్గరకు తీసుకొచ్చింది. ఇంకా కొంచెం దూరం ఉండగానే స్నాప్ దాన్ని అందుకుని చోట్లో కూర్చోబెట్టింది. వదిన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అటు గోడలో తలుపు ఉండిన చోట ఖాళీ మిగిలింది. దాన్ని ఏం చేయమంటావని అడిగాను. ఆవిడ ఆ ఖాళీని చూస్తూ కూర్చుంది.

"మూసీ" అంది. "అతనొస్తే సుట్టూ తిరిగి వస్తాడులే. ఇల్లు తెల్దేటి అతనికి."

గోడ ఈ చివర నుంచి ఆ చివరకు గీశాను. వదిన లేచి, పిల్లకు నీళ్ళు పోసే వేళయిందని వెళ్ళిపోయింది.